తిరగేసి చూస్తే

మొదటిసారి ఆ కుర్రాడు చూపించింది వేరు.
నల్లటి తెర మీద కోణపు గుర్తులు.
తెరిచిన ప్రతిదాన్నీ మూయాలన్నాడు.
ఒకటి మరిచాను.
పేజీ అంతా ఎడమ పక్కకి ఒరిగిపోయింది,
పోటుకి కట్టు తెంచుకున్న నావలాగ.
"నేర్చుకోడానికి ఆర్నెల్లు పడుద్దండి" అన్నాడు.
ఆర్నెల్లంటే నాకు పన్నెండు బల్లగుడ్డలు.
లేచి వచ్చేశాను.

ఈ ముసురులో మళ్ళీ నస్రీన్ పిలిచింది,
మాధవాయిపాలెం రేవు దగ్గర జిరాక్సు కొట్టు వాళ్ళమ్మాయి.
పంటు సఖినేటిపల్లి వైపే ఉండిపోయింది.
"కూర్చోండి పిన్నీ, ఇప్పుడు రాయక్కర్లేదు,
జరపడమే."

నిజమే, జరపడమే.
బొమ్మ ఒక గడి. మాట ఒక గడి.
పట్టుకుని లాగితే వస్తుంది,
దగ్గరికి చేరగానే పక్కదానికి తనే అతుక్కుంటుంది,
సన్నటి నీలం గీత ఒకటి మెరిసి
సరిగ్గా ఉందని చెబుతుంది.
నవ్వొచ్చింది నాకు.
నలభై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే కదా,
నాలుగు గళ్ళు నిండుగా, రెండు ఖాళీగా,
మళ్ళీ నాలుగు.
"చాలా ఖాళీ వదిలేస్తున్నారు" అంది నస్రీన్.
లేసంటే మరేమిటే?
ఖాళీలు పారిపోకుండా
దారం కాపలా కాయడం.

తప్పు చేస్తే వెనక్కి తిప్పే బాణం ఉంది.
నొక్కినకొద్దీ ఒక్కో కుట్టూ ఊడొస్తుంది,
నా మొదటి పువ్వుని మా అమ్మ లాగేసినట్టు,
కాకపోతే మొట్టికాయ ఉండదు.

ఎక్కడో నొక్కి, దీని వెనక వైపు చూడండంది.
అవే కోణపు గుర్తులు, బారులు బారులు,
అన్నీ తెరుచుకుని, అన్నీ మూసుకుని.
ముళ్ళన్నీ ఎవరో లోపలికి దాచారు.
ఏజెంటు సూర్రాజు ఏ ముక్కనైనా ముందు తిరగేసే చూస్తాడు,
వెనక శుభ్రంగా ఉంటేనే కండె లెక్క కడతాడు.
నేనూ కళ్ళజోడు సర్దుకుని అలాగే చూశాను.
కొన్నిచోట్ల అక్కర్లేని దారం కుప్పపడి ఉంది.
నేనైతే ఇంత వాడను.
పోనీలే, ముందువైపు బాగుంది.

'మీ పేరు ఇక్కడ' అని ఉంది ఒక గడిలో.
నా చేతిలోంచి వెళ్ళిన ఏ గుడ్డకీ పేరు లేదు.
సూర్రాజు గుచ్చే చీటీ మీద అంకె ఉండేది.
నాది పదిహేడు.
గొల్లపల్లి కృపావతి అని కొట్టించాను.
పెద్దవి చెయ్యమన్నాను అక్షరాలు.
మరీ పెద్దవయ్యాయి, తగ్గించమన్నాను.
నా చేతి ఫొటో తీసి పైన పెట్టింది.
చూపుడువేలి మీద సూది తోమిన నల్లటి గాడి.
"ఇది చెరిపెయ్యొచ్చు పిన్నీ, ఒక్క నొక్కు."
ఉండనీ.

చివరి గడి, వెల.
అక్కడ ఆగిపోయాను.
కండెకింత అని తెలుసు.
సముద్రం దాటాక ఆ గుడ్డ ఏ బల్ల మీద పరుచుకుందో,
దాని మీద ఎవరు కప్పు పెట్టి మరక చేశారో,
ఎంతిచ్చి కొన్నారో
ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.
లాగి తెచ్చి పెట్టుకుందామంటే
ఆ అంకె ఏ పక్క వరసలోనూ లేదు.

ఏదో ఒకటి వెయ్యండి, తర్వాత మార్చుకోవచ్చంది.
రెండొందలు వేశాను. తీసేశాను.
రెండు వేలు వేశాను, భయమేసింది,
సూర్రాజు నా భుజం మీంచి చూస్తున్నట్టు.
బాణం, బాణం, బాణం.

అంతలో పంటు హారను కొట్టింది.
కేశవదాసుపాలెంలో నలుగురు దారం కోసం చూస్తుంటారు.
"ఉన్నంతవరకు భద్రం చేశాను" అంది నస్రీన్,
"ఆ గడి మీరొచ్చాక నింపుదాం."

పంటు మీద సైకిళ్ళ మధ్య, కొబ్బరి గెలల పక్కన
చోటు చూసుకుని సగం ముక్క తీశాను.
గడికి ఎంతసేపు పడుతుందో
ఇన్నేళ్ళలో ఒక్కసారి చూసుకోలేదు.
టిక్కెట్టు కొట్టే అబ్బాయిని టైమెంతయ్యిందన్నాను.
పదీ పది, అన్నాడు.
సూదికి దారం తగిలించి
మొదటి గడి మొదలెట్టాను.